డెలివరీ తర్వాత పర్సనల్ ట్రైనర్‌తో మళ్లీ వ్యాయామం: తల్లులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో బాలింతలకు, చిన్నపిల్లల తల్లులకు ఇంటికి వెళ్లి వ్యాయామం చేయిస్తాను. దూరాన ఉన్నవాళ్లకు వీడియో కాల్‌లో నేర్పిస్తాను. చేరే ముందు ఫోన్ చేసి అందరూ దాదాపు ఇవే అడుగుతారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. నా దగ్గరే చేరాలని ఏం లేదు, మీ ఊళ్లో ఏ ట్రైనర్ దగ్గరికి వెళ్లినా ఇవి పనికొస్తాయి. ఒక్కమాట మాత్రం ముందే చెప్పేస్తాను. బరువు సంగతి తర్వాత చూద్దాం. ముందు చూడాల్సినవి లోపలి కండరాలు, కుట్లు, ఒంట్లో రక్తం, నిద్ర. మొదటి రోజే "ఎన్ని కిలోలు తగ్గాలి మేడమ్?" అని అడిగే ట్రైనర్ మీకు ఇప్పుడు వద్దు.

డెలివరీ అయిన ఎన్నాళ్లకు మొదలుపెట్టొచ్చు?

నార్మల్ డెలివరీ అయి, ఏ ఇబ్బందీ లేకపోతే ఊపిరి వ్యాయామాలు, ఇంట్లో నాలుగడుగులు నడవడం మొదటి వారంలోనే మొదలుపెట్టొచ్చు. ట్రైనర్‌తో క్లాసులు మాత్రం ఆరు వారాల చెకప్ అయ్యాకే. గర్భసంచి మళ్లీ మామూలు సైజుకు రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. బిడ్డ పుట్టాక అయ్యే రక్తస్రావం కూడా చాలామందికి అప్పటికి ఆగిపోతుంది.

చిక్కేమిటంటే, మన దగ్గర ఆ చెకప్ తల్లి కోసం అని ఎవరూ అనుకోరు. బిడ్డకు ఆరో వారం టీకా వేయించి, పనిలో పనిగా డాక్టర్‌కి కనిపించి వచ్చేస్తారు. "అంతా బాగుందా అమ్మా?" "బాగుంది మేడమ్." అయిపోయింది. మీరు అలా వచ్చేయకండి. కుట్లు చూడమనండి, హిమోగ్లోబిన్ పరీక్ష రాయమనండి, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఉంటే మళ్లీ షుగర్ టెస్ట్ అడగండి, బీపీ చూపించుకోండి. "నేను వ్యాయామం మొదలుపెట్టాలనుకుంటున్నాను, ఏవైనా చేయకూడనివి ఉన్నాయా?" అని నోరు తెరిచి అడగండి. ఆ జవాబు కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

నాది సిజేరియన్. నాకూ అంతేనా?

ఇది చాలామంది ప్రశ్న. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంటే తెలుగు తల్లులకు వ్యాయామం నేర్పేవాళ్లు ముందుగా సిజేరియన్ గురించే తెలుసుకోవాలి.

సిజేరియన్ అంటే పెద్ద ఆపరేషన్. బయటికి కనిపించేది పొత్తికడుపు కింద, బికినీ లైన్‌లో ఒక గీత. దాని కింద కొవ్వు, కండరాలను కప్పి ఉంచే గట్టి పొర, కడుపు లోపలి పొర, గర్భసంచి గోడ, ఇవన్నీ కోసి కుట్టినవే. పొట్ట కండరాలను మాత్రం మామూలుగా కోయరు, పక్కకు జరుపుతారు. పైన చర్మం రెండు మూడు వారాల్లో ఆరిపోయినట్టు కనిపించినా లోపలి గట్టి పొరకు పూర్తి బలం రావడానికి నెలలు పడుతుంది. అందుకే మొదటి ఆరు వారాలు మీ బిడ్డ కంటే ఎక్కువ బరువున్నదేదీ ఎత్తకండి. నీళ్ల క్యాన్, గ్యాస్ సిలిండర్, పెద్ద పాప ఎవరైనా సరే. పెద్ద పాపను ఎత్తుకోకుండా ఉండటం కష్టమని తెలుసు. మీరు కూర్చుని, తనను పక్కన ఎక్కించుకోండి.

ట్రైనర్‌తో క్లాసులు ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య మొదలుపెట్టడం నాకు సరిగ్గా అనిపిస్తుంది. కుట్టు పూర్తిగా మానాక, డాక్టర్ సరేనన్నాక, మచ్చ చుట్టూ వేళ్లతో మెల్లగా అటూ ఇటూ కదిపే మసాజ్ నేర్పిస్తాను. చాలామంది తల్లులు నెలల తరబడి ఆ మచ్చను ముట్టుకోరు, అద్దంలో చూసుకోరు. అక్కడ తిమ్మిరిగా, మన ఒళ్లు కానట్టుగా ఉంటుంది. ముట్టుకోవడం అలవాటైతే ఆ చోటు మెల్లగా మళ్లీ మీదవుతుంది. తొందరేమీ లేదు.

మరి ఆ ఆరు వారాలూ ఏమీ చేయకూడదా?

ఒక పని చేయండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు మంచం మీద ఆనించండి. ఒక చెయ్యి పక్కటెముకల మీద, ఒకటి పొత్తికడుపు మీద పెట్టుకోండి. ముక్కుతో ఊపిరి పీల్చండి, పక్కటెముకలు రెండు పక్కలకీ విచ్చుకోవాలి. భుజాలు పైకి లేవకూడదు. ఇప్పుడు నోటితో మెల్లగా వదులుతూ, మూత్రాన్నీ గ్యాస్‌నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు కింది కండరాలను లోపలికీ పైకీ లాగండి. పొత్తికడుపు దానంతటదే కాస్త లోపలికి వెళ్లడం చేతికి తెలుస్తుంది. మళ్లీ ఊపిరి తీసుకునేటప్పుడు పూర్తిగా వదిలేయండి. పట్టుకోవడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం. ఒకసారికి ఎనిమిది, పది చాలు. పాలిచ్చి బిడ్డను పడుకోబెట్టాక చేసుకోవచ్చు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయకండి, అది మంచి అలవాటు కాదు.

పిరుదుల కండరాలు బిగించడం, తొడలు దగ్గరికి నొక్కడం, ఊపిరి బిగబట్టడం, ఈ మూడూ అందరూ చేసే పొరపాట్లు. నొప్పి వస్తే, కుట్లు లాగుతుంటే, మూత్రం గొట్టం ఇంకా తీయకపోతే ఆగండి.

కడుపు ఇంకా అయిదో నెలలా ఉంది. క్రంచెస్ చేస్తే తగ్గుతుందా?

ఇప్పుడే క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే వ్యాయామం) మొదలుపెడితే కొందరికి ఇంకా ముందుకు పొడుచుకొస్తుంది.

పొట్ట ముందు భాగంలో నిలువుగా రెండు కండరాలు ఉంటాయి. వాటిని మధ్యలో ఒక పట్టీలాంటి కణజాలం కలుపుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగి, కండరాలు ఎడమవుతాయి. నెలలు నిండేసరికి దాదాపు అందరికీ ఇది జరుగుతుంది. దీన్నే డయాస్టాసిస్ అంటారు. ప్రసవం అయ్యాక మొదటి ఎనిమిది వారాల్లో చాలావరకు దానంతటదే దగ్గరవుతుంది. మిగిలినదానికి వ్యాయామం సాయం చేస్తుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి బొడ్డుకు కాస్త పైన, వేళ్ల కొసలు కిందికి ఉండేలా పెట్టండి. తల మాత్రం రెండు అంగుళాలు పైకెత్తండి. వేళ్ల రెండు పక్కలా కండరాల అంచులు దగ్గరికి రావడం తెలుస్తుంది. మధ్యలో ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడండి. బొడ్డు దగ్గర, దాని కింద కూడా ఇలాగే చూడండి. రెండు వేళ్లకు మించి ఉంటే ట్రైనర్‌కి తప్పకుండా చెప్పాలి. ఖాళీ ఎంత ఉందన్నది సగమే. వేలు మెత్తగా లోపలికి దిగిపోతోందా, కింద గట్టిగా తగులుతోందా అన్నది అంతకంటే ముఖ్యం. రెండు వేళ్ల ఖాళీ ఉన్నా కింద బిగువుగా ఉన్నవాళ్లు బాగానే బరువులెత్తుతారు.

ఏ వ్యాయామం చేస్తున్నా పొట్ట మధ్యలో గోపురంలా పైకి లేస్తే అది ఇప్పుడు మీకు కాదు. మంచం మీంచి తిన్నగా లేవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పక్కకు తిరిగి, చేత్తో నొక్కుకుని లేవండి. బొడ్డు దగ్గర ఉబ్బు మెత్తగా, నొప్పిగా ఉంటే హెర్నియా కావచ్చు. డాక్టర్‌కి చూపించాలి.

తుమ్మినా, దగ్గినా మూత్రం పడుతోంది. ఎవరికీ చెప్పలేకపోతున్నాను.

నాకు చెప్పండి. డాక్టర్‌కీ చెప్పండి. ప్రసవం తర్వాత చాలామందికి ఉండేదే. అయితే "పిల్లలు పుట్టాక ఇంతేలే" అని జీవితాంతం ప్యాడ్ పెట్టుకుని తిరగాల్సిన సమస్య కాదు. మన అమ్మలు, అత్తలు ఎంతమంది దీనివల్ల బస్సు ప్రయాణాలు మానుకున్నారో, పెళ్లిళ్లలో నీళ్లు తాగడం మానేశారో వాళ్లు నోరు విప్పి చెప్పలేదు, అంతే.

అమెరికన్ గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కీగెల్ 1948లోనే మూత్రాన్ని ఆపే ఈ కింది కండరాల వ్యాయామాల గురించి రాశారు. వాటికి కీగెల్ వ్యాయామాలన్న పేరు అలా వచ్చింది. ఇప్పటికీ మొదటి వైద్యం అదే. సరిగ్గా చేస్తే మూడు నెలల్లో చాలామందికి తేడా తెలుస్తుంది. ఇక్కడ 'సరిగ్గా' అనేదే కష్టం. చాలామంది పైకి లాగుతున్నామనుకుంటూ కిందికి ముక్కుతారు. లోపలి పరీక్ష చేసి చెప్పాల్సింది గైనకాలజిస్టు గానీ, ఈ కండరాలకు చికిత్స చేసే పెల్విక్ ఫిజియోథెరపిస్టు గానీ. ట్రైనర్ పని కాదు. కింద ఏదో బరువుగా, జారుతున్నట్టు అనిపిస్తే వాళ్లను కలిశాకే నా దగ్గరికి రండి.

ఈ సంగతి బరువులెత్తడానికి ఎలా ముడిపడుతుందో చెప్తాను. మూత లేని టూత్‌పేస్ట్ ట్యూబ్‌ను మధ్యలో నొక్కితే పేస్ట్ బలహీనంగా ఉన్న వైపు నుంచే బయటికొస్తుంది. ఊపిరి బిగబట్టి బరువెత్తినా కడుపులో ఒత్తిడి అలాగే పనిచేస్తుంది. పొట్ట బలహీనంగా ఉంటే ముందుకు, పెల్విక్ ఫ్లోర్ (ఇందాక చెప్పిన కింది కండరాలు) బలహీనంగా ఉంటే కిందికి తోస్తుంది. అందుకే నేను ప్రతి కదలికలోనూ కష్టమైన చోట ఊపిరి వదలమని అంటాను. విసిగిపోయేంతగా అంటాను.

మొదటి క్లాసులో ఏం చేయిస్తారు?

సగం సమయం మాటలే. డెలివరీ ఎలా అయింది, చిరుగులు పడ్డాయా, రక్తం ఎక్కించారా, బీపీ, థైరాయిడ్, షుగర్ ఉన్నాయా, పాలిస్తున్నారా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇంట్లో సాయం ఎవరున్నారు. తర్వాత నిలబడే తీరు, ఊపిరి తీసుకునే తీరు, పొట్ట మధ్య ఖాళీ చూస్తాను.

మిగిలిన సమయంలో బిడ్డను ఎత్తుకోవడం నేర్పిస్తాను. నవ్వొద్దు, మీరు రోజుకు అన్నిటికంటే ఎక్కువసార్లు ఎత్తే బరువు అదే. చాప మీంచి ఎత్తేటప్పుడు ఒక మోకాలు నేలకు ఆనించి, బిడ్డను ముందు ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, ఊపిరి వదులుతూ లేవాలి. ఊయల్లోంచి తీసేటప్పుడు నడుం వంచి చేతులు చాపకుండా ఊయలను మీ దగ్గరికి లాక్కోండి. పాలిచ్చేటప్పుడు మీరు బిడ్డ మీదికి వంగడం కాదు, ఒళ్లో దిండు పెట్టుకుని బిడ్డనే పైకి తెచ్చుకోవాలి. ఈ మూడూ మారితే చాలామంది మెడనొప్పి, నడుంనొప్పి సగం తగ్గడం చూశాను.

ఆ తర్వాత నెలల్లో?

మూడో నెల వరకు ఊపిరి, వంతెనలా నడుం ఎత్తడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్స్, బ్యాండ్ లాగడం, నడక. మూడు నుంచి ఆరు నెలల మధ్య స్క్వాట్ (గుంజీళ్లలా కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువెత్తడం) లాంటివి చిన్న బరువులతో. డంబెల్స్ లేకపోతే అయిదు కిలోల బియ్యం సంచి చాలు. ఆరు నెలల తర్వాత శరీరం ఒప్పుకున్నంత బరువు పెంచుతాం. ఈ నెలల లెక్కలు అందరికీ ఒకేలా నడవవు. పదో వారానికే స్క్వాట్‌లు హాయిగా చేసేవాళ్లున్నారు, ఏడో నెలలో ఇంకా గోడ పుషప్స్ దగ్గరే ఉన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ సరైన దారిలోనే ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ప్రసవమైన స్త్రీలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అని చెప్పింది. అది చేరుకోవాల్సిన చోటు, మొదలుపెట్టాల్సిన చోటు కాదు. పది పది నిమిషాలుగా కూడబెట్టుకున్నా లెక్కలోకి వస్తుంది.

నడకకు ఎక్కడికి వెళ్లాలి? మా వీధిలో స్ట్రోలర్ తోయడానికే వీల్లేదు.

నిజమే, మన ఫుట్‌పాత్‌ల మీద స్ట్రోలర్ నడవదు. అపార్ట్‌మెంట్ అయితే కారిడార్, టెర్రస్, కార్లు తక్కువ తిరిగే సమయంలో సెల్లార్. దగ్గర్లో పార్కు ఉంటే పొద్దున్నే. ఎండాకాలంలో ఎనిమిది దాటాక బయటికి వద్దు. బిడ్డను క్యారియర్‌లో కట్టుకుని నడవాలంటే మెడ నిలబడని పసికందుకు సరిపడే క్యారియర్ చూసుకోవాలి, ముక్కు నోరు ఎప్పుడూ మీకు కనిపిస్తూ ఉండాలి.

వ్యాయామం చేస్తే పాలు తగ్గిపోతాయా? పులిసిపోతాయంటున్నారు.

ఓ మోస్తరు వ్యాయామం వల్ల పాలు తగ్గవు, రుచి మారి బిడ్డ వదిలేయడమూ జరగదు. పాలు ముఖ్యంగా తగ్గేది బిడ్డ తాగడం తగ్గినప్పుడు. క్లాసుకు ముందు పాలిచ్చి రండి, రొమ్ములు తేలికగా ఉంటాయి. గట్టి సపోర్ట్ ఉన్న బ్రా వేసుకోండి, కానీ పాలు గడ్డకట్టేంత బిగుతుది వద్దు. క్లాసయ్యాక చెమట తుడుచుకుని మళ్లీ ఇవ్వొచ్చు. మధ్యలో బిడ్డ ఏడిస్తే క్లాసు ఆపి పాలివ్వండి. నా క్లాసులో దానికి క్షమాపణలు చెప్పాల్సిన పనే లేదు.

ఎన్ని నెలల్లో పాత బరువుకొస్తాను?

తేదీ చెప్పను. చెప్పేవాళ్లను నమ్మొద్దనీ అంటాను. పాలిచ్చే తల్లి వారానికి అర కిలోకు మించి తగ్గకుండా చూసుకోవడం మంచిది. మొదటి మూడు నెలలు నేను తూకం యంత్రం బయటికే తీయను. బరువు బదులు వేరేవి రాసుకుంటాం. రెండో అంతస్తు మెట్లు ఎక్కాక ఆయాసం ఎంత, బిడ్డను ఎత్తుకుని ఎంతసేపు నిలబడగలుగుతున్నారు, తుమ్మినప్పుడు ఏమవుతోంది. ఇవి మారుతుంటే పని జరుగుతున్నట్టే.

ఒకటి మాత్రం చూసుకోండి. ఎంత చేసినా బరువు కదలకపోవడం, జుట్టు విపరీతంగా రాలడం, ఒళ్లంతా నీరసం, లేదా కారణం లేకుండా చిక్కిపోవడం, గుండెదడ ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ప్రసవమైన ఏడాదిలోపు థైరాయిడ్ గాడి తప్పడం కొందరిలో జరుగుతుంది. దానికి మందు కావాలి, మరో వంద స్క్వాట్‌లు కాదు.

ఇంట్లో పథ్యం పెడుతున్నారు. దాంతో వ్యాయామం చేయొచ్చా?

పథ్యంలో మంచి చాలా ఉంది. వెల్లుల్లి కారం, మునగాకు, నువ్వుల ఉండలు, నెయ్యి, కోస్తా జిల్లాల్లో పెట్టే సొర చేప పిట్టు, ఇవన్నీ బాలింత ఒంటికి పనికొచ్చేవే. గొడవంతా వద్దనేవాటితో. పెరుగు వద్దు, పండ్లు వద్దు, పప్పు వద్దు, ఆకుకూర వద్దు అంటూ పోతే చివరికి మిగిలేది అన్నం, కారం. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది నీళ్లు తగ్గించడం. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్నది నిజం కాదు. పాలిచ్చే తల్లి నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది. మలబద్ధకంతో ముక్కితే కుట్ల మీద, పెల్విక్ ఫ్లోర్ మీద భారం పడుతుంది. గోరువెచ్చగా అయినా సరే, దాహం తీరేదాకా తాగండి.

మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600, తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు మామూలు కంటే ఎక్కువ కావాలి. కాబట్టి ఇది డైటింగ్ చేసే సమయం కానే కాదు. పూటపూటా గుడ్డో, పప్పో, చేపో, పెరుగో ఏదో ఒకటి ఉండేలా చూసుకుంటే చాలు.

త్వరగా అలసిపోతున్నాను. స్టామినా లేకా?

ముందు రక్తం చూపించుకోండి. ఇందాక చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానిపైన ప్రసవంలో పోయిన రక్తం. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న తల్లి చేత పరుగులు తీయించడం శిక్షణ అనిపించుకోదు. ప్రభుత్వ కార్యక్రమంలో ప్రసవం తర్వాత కూడా 180 రోజులు ఐరన్ మాత్రలు ఇస్తారు. చాలామంది ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే ఆపేస్తారు. ఆపకండి. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. టీ, కాఫీలతో అసలే వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

మా అమ్మ, అత్తగారు మూడో నెల దాకా కదలొద్దంటున్నారు.

వాళ్లు చెప్పేదాంట్లో సగం సరైనదే. పచ్చి బాలింతకు విశ్రాంతి కావాలి, ఇంటిపని వేరేవాళ్లు చేయాలి, నూనెతో ఒళ్లు పట్టాలి అన్న మన ఆచారం చాలా విలువైనది. విదేశాల్లో ఒంటరిగా బిడ్డను పెంచుకునే తల్లులకు అది దొరకదు. నాకు ఒప్పుకోబుద్ధి కానిది మంచం దిగొద్దనడం. ఎప్పుడూ పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

వాదన పెట్టుకోవద్దు. నా మొదటి క్లాసు పెద్దవాళ్ల ముందే చేయిస్తాను. వాళ్లు బిడ్డను ఒళ్లో పెట్టుకుని చూస్తారు. ఎగరడాలు, దూకడాలు ఉంటాయనుకున్నవాళ్లకు ఊపిరి, కాళ్లు మడవడం, కుర్చీలోంచి లేవడం కనిపిస్తాయి. "ఇదేనా? ఇదైతే నేనూ చేస్తానమ్మా" అని పక్కన కూర్చున్న అత్తగార్లు ఉన్నారు. మోకాళ్ల నొప్పులకు వాళ్లకూ మంచిదే.

నడుం కట్టు కట్టుకోవాలా?

సిజేరియన్ అయిన మొదటి రోజుల్లో బెల్ట్ పెట్టుకుంటే నడవడానికి, దగ్గడానికి కాస్త ధైర్యంగా ఉంటుంది. నూలు చీరతో కట్టే పాత పద్ధతీ అలాంటిదే. పొట్ట కొవ్వు మాత్రం దానివల్ల కరగదు. ఊపిరి అందనంత బిగించి కడితే ఒత్తిడంతా కిందికి వెళ్లి పెల్విక్ ఫ్లోర్ మీద పడుతుంది. పడుకునేటప్పుడు తీసేయండి, రెండు నెలలు దాటాక దాని అవసరం ఉండకూడదు.

యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. ట్రైనర్ ఎందుకు?

వీడియో మీ పొట్ట గోపురంలా లేవడం చూడలేదు. "నిన్న రాత్రి నిద్ర లేదు" అంటే వ్యాయామం మార్చదు. ఊపిరి వ్యాయామాలు, నడక, స్ట్రెచింగ్ వరకు మంచి ఫిజియోథెరపిస్టుల వీడియోలు చాలు. బరువులు మొదలుపెట్టేటప్పుడు, మూత్రం లీకేజీ, డయాస్టాసిస్ లాంటివి ఉన్నప్పుడు కనీసం మొదటి కొన్ని క్లాసులకైనా మనిషి కావాలి. నెలంతా ట్రైనర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే రెండు వారాలకోసారి ఒక క్లాసు తీసుకుని, మిగతా రోజులు ఇంట్లో చేసుకోండి. అది పూర్తిగా సరైన పద్ధతే.

ట్రైనర్‌ను ఎలా ఎంచుకోవాలి? మగ ట్రైనర్ అయితే?

గోడ మీద సర్టిఫికెట్ చూసి ఆగిపోకండి. ఏసీఈ, ఎన్ఏఎస్ఎం లాంటి అమెరికా ఫిట్‌నెస్ సంస్థల సర్టిఫికెట్ ఉండటం మంచిదే, ప్రసవం తర్వాతి వ్యాయామం గురించి విడిగా నేర్చుకున్నారా అని అడగండి. ఆపైన ఈ మూడు ప్రశ్నలు వేయండి: డయాస్టాసిస్ ఉంటే ఏవి చేయించరు? లీకేజీ ఉందంటే ఎవరి దగ్గరికి పంపుతారు? నా డాక్టర్‌తో మాట్లాడతారా? తడుముకుంటే వేరేవాళ్లను చూసుకోండి. "అవేం లేదు మేడమ్, చెమట పడితే అన్నీ పోతాయి" అన్నా అంతే. నా దగ్గరికొచ్చిన ఒక తల్లికి వేరే ట్రైనర్ మూడో నెలలోనే బర్పీలు (నేల మీదికి వంగి, మళ్లీ లేచి పైకి గెంతే వ్యాయామం) చేయించారట. లీకేజీ ఉందని చెప్పడానికి మొహమాటపడి ఆమె నెలరోజులు అలాగే చేసింది.

విషయం తెలిసిన మగ ట్రైనర్ కంటే ఏమీ తెలియని ఆడ ట్రైనర్ మేలేం కాదు. కానీ మీరు "లీకవుతోంది" అని సంకోచం లేకుండా చెప్పగలగాలి. చెప్పలేననిపిస్తే ఆయన ఎంత మంచివాడైనా మీకు సరిపోరు. పొట్ట పరీక్ష మీ చేత్తో మీరే చేసుకోవచ్చు, ట్రైనర్ ముట్టుకోనక్కర్లేదు.

నేను అమెరికాలో ఉన్నాను. ఎప్పుడు మొదలుపెట్టడం మంచిది?

మీ అమ్మగారో, అత్తగారో వచ్చి ఉన్న రోజుల్లోనే. సాధారణంగా విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉంటారు, అది చూస్తుండగానే అయిపోతుంది. "అమ్మ వెళ్లాక తీరిగ్గా మొదలుపెడతా" అనుకుంటే ఆ తీరిక దొరకదు. వారానికి రెండుసార్లు అరగంట బిడ్డను చూసుకోమని అడగండి. అక్కడ పెల్విక్ ఫిజియోథెరపిస్టులు ఇక్కడికంటే సులువుగా దొరుకుతారు, చెకప్‌లో రెఫరల్ అడిగి ఇన్సూరెన్స్ చూసుకోండి. వీడియో క్లాసుకు ఫోన్‌ను ఎదురుగా కాక పక్కన, నడుం ఎత్తులో పెట్టండి. పొట్ట, వీపు నాకు అప్పుడే కనిపిస్తాయి.

రాత్రంతా నిద్ర లేదు. అయినా క్లాసు చేయాలా?

మూడు నాలుగు గంటలు కూడా నిద్ర లేకపోతే బరువులు వద్దు. ఊపిరి, స్ట్రెచింగ్ చేసి ఆపేద్దాం, లేదా ఆ అరగంట పడుకోండి. ఆరు, పది, పద్నాలుగో వారాల టీకాల మర్నాడు నేను క్లాసే పెట్టను.

ఏడుపొస్తోంది, ఏదీ చేయబుద్ధి కావట్లేదు. వ్యాయామంతో పోతుందా?

మొదటి రెండు వారాల్లో వచ్చి పోయే దిగులు చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, బిడ్డ పడుకున్నా టెన్షన్‌తో మీకు నిద్ర పట్టకపోతే అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. వ్యాయామం దానికి తోడ్పడుతుంది, వైద్యానికి బదులు మాత్రం కాదు. గైనకాలజిస్టుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మిమ్మల్నో, బిడ్డనో ఏదైనా చేసేయాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. మీరు చెడ్డ తల్లి కాదు, ఇది జబ్బు, తగ్గుతుంది.

పరుగు, జుంబా ఎప్పుడు?

మూడు నెలల లోపు వద్దు. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు ఇచ్చిన సూచనలను నేను పాటిస్తాను. అరగంట నడక, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం, ఒక్కో కాలి మీద పది చిన్న స్క్వాట్‌లు, ఉన్నచోటే నిమిషం జాగింగ్, ఒక్కో కాలితో పది గెంతులు. వీటిలో ఎక్కడా నొప్పి, లీకేజీ, కింద బరువు లేకపోతే నడక మధ్యలో నిమిషం నిమిషంగా పరుగు కలుపుతాం. చాలామందికి ఇది ఆరో నెల దాటాకే వీలవుతుంది.

వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ఆగిన రక్తస్రావం మళ్లీ ఎర్రగా మొదలైతే, కుట్టు దగ్గర చీము, ఎరుపు లేదా జ్వరం ఉంటే, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే, ఛాతీనొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారితే. చివరిది బీపీ వల్ల కావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్లకూ ప్రసవం తర్వాత మొదటి వారాల్లో రావచ్చు. మర్నాటిదాకా ఆగొద్దు.

బొటనవేలు, మణికట్టు నొప్పి?

బిడ్డను చంకల కింద బొటనవేళ్లు చాపి ఎత్తడం వల్ల చాలామందికి వస్తుంది. అరచేతులను గరిటెలా కింద పెట్టి ఎత్తండి. తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి. అప్పటిదాకా పుషప్స్ పిడికిళ్ల మీద గానీ, మానేయడం గానీ.

ఫీజు, ప్యాకేజీల గురించి?

ఏడాది ప్యాకేజీ ఎవరి దగ్గరా కట్టకండి, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నెల తర్వాత ఏం జరుగుతుందో చెప్పలేం. ఎనిమిదో పదో క్లాసులు కట్టండి. బిడ్డకు జ్వరం వచ్చి రద్దు చేసుకుంటే ఆ క్లాసు ముందుకు జరుపుతారా అని అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి. ఉద్యోగం ఉంటే 26 వారాల ప్రసూతి సెలవు పూర్తయ్యేలోపే అలవాటు పడండి. ఆఫీసు మొదలయ్యాక కొత్తగా ఏదీ మొదలుపెట్టడం చాలా కష్టం.

మా పాపకు నాలుగేళ్లు. ఇప్పుడు చేరితే లాభం ఉంటుందా?

ఉంటుంది. పెల్విక్ ఫ్లోర్, పొట్ట కండరాలు ఏళ్లు గడిచాక కూడా బలపడతాయి. ఇందాక రాసిన వరుసలోనే మొదలుపెడతాం, కాకపోతే మెట్లు కాస్త త్వరగా ఎక్కుతాం.

మొదటి క్లాసుకు ఏం సిద్ధం చేసుకోవాలి?

డిశ్చార్జ్ సమ్మరీ, హిమోగ్లోబిన్ రిపోర్ట్, వేసుకుంటున్న మందుల పేర్లు. ఒక చాప, రెండు దిండ్లు, కదలని కుర్చీ, తాగే నీళ్లు. గంట ముందు ఏదైనా తిని ఉండండి, బాత్రూమ్‌కి వెళ్లి రండి. చీర, నైటీ కాకుండా కాళ్లు మడవడానికి వీలయ్యే బట్టలు చాలు, కొత్తవి కొనక్కర్లేదు. బిడ్డ అదే గదిలో ఉంటే ఇంకా మంచిది, ఎత్తుకోవడం తనతోనే నేర్చుకుంటాం.